ఫోటో వెనుక పేరు రాసి పెట్టారా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఇంటి జ్ఞాపకాలను నలుగురూ కలిసి ఏదో ఒక రూపంలో దాచుకోవాలనుకునేవారు పంపిన ప్రశ్నలివి. పాత ఫోటోలు, పెద్దల గొంతులు, దాచిన బట్టలు, పుస్తకం అచ్చు... ఏ పని తెలిసినవారు ఆ పనికి జవాబు రాశారు.

అమ్మ బీరువా సర్దుతుంటే 900 దాకా ఫోటోలు బయటపడ్డాయి. మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం, తలో ఊళ్లో ఉంటాం. అన్నీ స్కాన్ చేసి పుస్తకం వేద్దామనుకుని ఏడాది దాటింది. పని ఒక్క అడుగు కదల్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్కానర్ దగ్గర మాత్రం కాదు. ఒక్కో ఫోటోకి మూడు నిమిషాలు వేసుకున్నా 900 ఫోటోలకు 45 గంటలు పడుతుంది. ఆ పని వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు. ఫోటోలో ఉన్నదెవరో చెప్పగలిగినవాళ్లు వచ్చే ఏడాదికి చెప్పగలిగే స్థితిలో ఉంటారో లేదో తెలియదు. అందుకే ముందు పేర్లు, ఆ తర్వాతే యంత్రం.

ఫోటోలన్నీ బల్ల మీద పరిచి మూడు కుప్పలు చేయండి: మనుషులు తెలిసినవి, తెలియనివి, ఒకే ఫోటోకి రెండో మూడో కాపీలు. మూడో కుప్పను పారేయకండి, పక్కన పెట్టండి చాలు. తెలిసిన కుప్పలోంచి ఒక్కొక్కరూ 20 ఫోటోలు ఎంచుకోండి. మొత్తం 60. మీ మొదటి పుస్తకం అంతే. మిగతా 840 ఎక్కడికీ పోవు.

ఆ 60కీ, తెలియని కుప్పకీ నంబర్లు వేసి, ఫోన్‌తో మామూలుగా ఒక్కో ఫోటో తీసి ముగ్గురూ పంచుకోండి. ఇవి గుర్తుపట్టడానికే కాబట్టి నాణ్యత చూడనక్కర్లేదు. ముగ్గురూ తెరవగలిగే ఒక షీట్ పెట్టుకోండి. అందులో ఉండాల్సిన గడులు: నంబరు, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఎక్కడ, సుమారుగా ఎప్పుడు, ఈ సంగతి చెప్పిందెవరు. చివరి గడిని అందరూ వదిలేస్తారు. రేపు ఇద్దరు రెండు మాటలు చెప్పినప్పుడు అక్కరకొచ్చేది అదే. పేరు రాసేటప్పుడు పెద్దత్తయ్య, చిన్న మామయ్య అని వదిలేయకండి. మీకు అత్తయ్య అయినావిడ మీ బావకు అమ్మ, మీ పిల్లలకు ఇంకేదో. అసలు పేరు రాసి, వరస పక్కన రాయండి. సంవత్సరం తెలియకపోతే ఊహించి ఒక్కటే అంకె వేయకుండా '1975–80 మధ్య' అని రాయండి. గోడ మీద క్యాలెండరు, చంకలో పిల్లాడి వయసు, వెనకాల స్టూడియో ముద్ర చూస్తే ఆ ఎడం ఇంకా తగ్గుతుంది.

ముగ్గురూ ఎడిటర్లయితే పుస్తకం రాదు. ఒకరు పేర్లు సేకరించాలి, ఒకరు రాతలు చూడాలి, ఒకరు పేజీలు కట్టాలి. ఆఖరి మాట ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ఫోటో కింద రాత 150 మాటలు దాటకూడదని గిరి గీయండి. లేకపోతే ఒకరు పది పేజీలు రాస్తారు, ఇంకొకరు అది చూసి జంకి అసలు రాయరు. వాట్సాప్ గ్రూపులో 'మీకు గుర్తున్నవి పంపండి' అని పెడితే దండం బొమ్మలు తప్ప ఏమీ రావు. '14వ నంబరులో కుడి చివర నిలబడ్డదెవరు?' అని అడిగి చూడండి. సాయంత్రానికి నాలుగు జవాబులు వస్తాయి, అందులో రెండు పోట్లాటలు.

స్కానర్ కొనాలా, ఫోన్ చాలా? డీపీఐ ఎంత పెట్టాలి?

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా స్కాన్ చేయాలన్నది. మామూలు 4×6 అంగుళాల ప్రింటుకు 600 డీపీఐ. దాంతో 2400×3600 పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. పుస్తకంలో రెండింతలు పెద్దదిగా వేసినా నిలుస్తుంది. అరచేతిలో ఇమిడే చిన్న ఫోటోలకూ, పాస్‌పోర్టు సైజువాటికీ 1200 పెట్టండి. నలుపు తెలుపు ఫోటోల్ని కూడా కలర్ మోడ్‌లోనే స్కాన్ చేయాలి. పాత ప్రింటు మీది గోధుమరంగు ఛాయ, మరకల రంగు అందులోనే నమోదవుతాయి. తర్వాత మరక తీయాలంటే ఆ తేడాయే ఆధారం. స్కానర్‌లోని ఆటో కరెక్షన్, షార్పెన్ ఆపేయండి. అసలు కాపీని నాణ్యత తగ్గని ఫైలు రకమైన టిఫ్‌గా దాచండి (పై లెక్కకు ఒక్కోటి 26 ఎంబీ దాకా వస్తుంది). పంచుకోవడానికి జేపెగ్ చాలు.

ఏ4 స్కానర్ అద్దం మీద 4×6 ఫోటోలు నాలుగు పడతాయని చాలామంది పెడతారు. పట్టవు. పొడవునా దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువై అంచులు తెగుతాయి. రెండు నిలువుగా పక్కపక్కన, కింద ఒకటి అడ్డంగా, మొత్తం మూడు పెట్టండి. ప్రతి దఫా ముందు అద్దాన్ని పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. ఫోటో మీది దుమ్మును గాలి పంపుతోనో మెత్తటి బ్రష్‌తోనో తీయాలి తప్ప తడిగుడ్డ ముట్టించకూడదు.

ఫోన్‌తో పిక్సెళ్లు సరిపోతాయి, ఇబ్బందల్లా మెరుపూ వంకరా. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, నల్ల గుడ్డ మీద ఫోటో పెట్టండి. ఫ్లాష్ వద్దు, తలమీది లైటూ వద్దు. బాగా దగ్గరికి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు ఉబ్బుతాయి. కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌తో తీయండి. గ్రిడ్ గీతలు పెట్టుకుంటే నాలుగు అంచులూ సమంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఒక్క విషయంలో స్కానర్ కన్నా ఫోనే మేలు: పైన గరుకుగా, చిన్న చిన్న గళ్లు తేలినట్టుండే ప్రింట్లు స్కానర్ వెలుగులో చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి. కిటికీ వెలుతురులో ఆ బెడద బాగా తగ్గుతుంది.

నెగటివ్ దొరికితే ప్రింటును వదిలేసి దాన్నే స్కాన్ చేయండి. మూతలో కూడా లైటు ఉన్న స్కానర్ కావాలి, 35 ఎంఎం ఫిల్ముకు 2400 నుంచి 3200 డీపీఐ.

ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ, నంబరు ఈ వరసలోనే ఉండాలి: 1968-05-00_042. తెలియని చోట సున్నాలు. అప్పుడు ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. ఇంకొకటి, కంప్యూటర్ స్కాన్ చేసిన తేదీనే ఫోటో తీసిన తేదీ అనుకుంటుంది. డిజీక్యామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ తేదీ మార్చి, పేర్లను కూడా ఫైలులోపలే రాయవచ్చు. తోబుట్టువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే సైజు కుదించుకుపోతుంది, లోపల రాసిన వివరాలూ ఊడిపోతాయి.

జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫోటోలు అతుక్కుపోయాయి, లాగితే చిరుగుతున్నాయి. ఫ్రేములో ఉన్న తాతమ్మ ఫోటో అద్దానికే అంటుకుంది. ఏం చేయాలి?

లాగడం ఆపండి. ముందు ప్రతి పేజీనీ ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత ఏం జరిగినా ఆ బొమ్మ ఉంటుంది. మైనం పూయని డెంటల్ ఫ్లాస్ తీసుకుని ఫోటో మూల కిందికి దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా ముందుకు తీసుకెళ్లండి. దారం పేజీని ఆనుకుని కదలాలి, ఫోటోను కాదు. వంగాల్సి వస్తే పేజీ వంగాలి, ఫోటో వంగితే పైపొర పగులుతుంది. ఎక్కడైనా పట్టేస్తే అక్కడితో వదిలి, ఫోటో చుట్టూ పేజీనే కత్తిరించి అట్టతో సహా దాచండి.

అద్దానికి అంటుకున్నది వేరే వ్యవహారం. చెమ్మ తగిలి ఫోటో పైనున్న జెలటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టుకుంది. ఊడదీస్తే ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టి స్కాన్ చేయించి, అలాగే ఉంచేయండి. నీళ్లలో నానబెడితే వస్తుందని చెప్పేవాళ్లుంటారు. ఇంక్‌జెట్ ప్రింటయితే రంగు కారిపోతుంది. బూజు తిన్న పాత ప్రింటయితే పొరే కరిగిపోతుంది. ఆ ప్రయోగం పాత ఫోటోలు బాగుచేయడం వృత్తిగా ఉన్నవారికి వదిలేయండి. ఇకమీదట ఫ్రేము కట్టించేటప్పుడు ఫోటోకీ అద్దానికీ మధ్య మందపాటి అట్ట మౌంటు పెట్టించండి. రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా చాలు.

ఫోటో వెనుక బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గీతలు తేలాయి. దేంతో రాయాలి?

పాత కాగితం ప్రింట్లకు మెత్తటి పెన్సిల్, నొక్కకుండా, అంచున. ప్లాస్టిక్ పూత ఉన్న ఈకాలపు ప్రింట్ల మీద పెన్సిల్ పడదు. వాటికి సన్నమొన పిగ్మెంట్ ఇంకు పెన్ను వాడండి. పూర్తిగా ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ఇంకు కింది ఫోటో ముఖానికి అచ్చవుతుంది.

తాతయ్య మాటలు రికార్డు చేయాలని కూర్చుంటే 'నా గురించి చెప్పడానికేముంది' అంటున్నారు. పైగా ఈమధ్య మతిమరుపు మొదలైంది.

'మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి' అంటే ఎవరైనా అదే అంటారు. అంత పెద్ద ప్రశ్నకు కొస దొరకదు. ఒక ఫోటో చేతికిచ్చి చిన్న ప్రశ్న వేయండి. ఈ ఇంటికి తలుపు ఎటువైపు ఉండేది? ఈ సైకిలు ఎవరిది? పొద్దున్నే అందరికన్నా ముందు లేచేదెవరు? వస్తువు దగ్గర మొదలైన మాట దానంతటదే మనుషుల దగ్గరికి వెళుతుంది. జవాబు అయిపోయిందనిపించినా వెంటనే రెండో ప్రశ్న వేయకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. అసలు సంగతి తరచుగా ఆ మౌనం తర్వాతే వస్తుంది.

మతిమరుపు ఉన్నవారిని 'గుర్తుందా?' అని అడగడం పరీక్ష పెట్టడమే. 'ఇది మీ పెళ్లినాటి ఫోటో, పక్కన ఉన్నది మీ అన్నయ్య' అని మీరే చెప్పి ఊరుకోండి. ఏమైనా తోస్తే చెబుతారు. తేదీ తప్పు చెప్పినా, ఇద్దరిని ఒకరనుకున్నా అక్కడ సరిదిద్దవద్దు, షీటులో రాసుకోండి. ఒక్కో విడతకు ఐదారు ఫోటోలు మించకుండా, వారు తేటగా ఉండే పూటే కూర్చోండి. చిరాకో బెంగో కనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి. రికార్డు చేస్తున్నామని చెప్పే చేయాలి. ఫోన్ దాచిపెట్టి తీసిన మాట ఎంత మధురమైనా పదిమందిలో వినిపించలేరు.

ఇక యంత్రం సంగతి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, మడిచిన తువ్వాలు మీద పెట్టండి. నేరుగా బల్ల మీద పెడితే చెయ్యి తగిలిన ప్రతి చప్పుడూ ఎక్కుతుంది. ఫ్యాను ఆపాలి. ఫ్రిజ్ ఉన్న గది వద్దు. చెవి అలవాటుపడి పట్టించుకోని హోరును మైకు వదలదు. బట్టల బీరువా, పరుపు, కర్టెన్లు ఉన్న పడకగది మంచిది, గొంతు మోగదు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లతో విన్నాకే అసలు పని మొదలుపెట్టండి. వీలైతే గొంతు నాణ్యతను కుదించని వేవ్ ఫార్మాట్ వాడండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒకే చానెల్ అయితే గంటకు 520 ఎంబీ దాకా అవుతుంది. మొదట్లో తేదీ, మాట్లాడేవారి పేరు, గదిలో ఎవరెవరున్నారో మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు పోయినా గొంతు చెబుతుంది.

గంట మాటల్ని చేత్తో టైపు చేయడానికి నాలుగు గంటలకు తక్కువ పట్టదు. అంతా రాయక్కర్లేదు. ఐదేసి నిమిషాలకు ఒక్క వాక్యంలో ఏం చెప్పారో రాసుకుని, పుస్తకంలోకి వెళ్లే ముక్కల్నే పూర్తిగా రాయండి. వారి యాసను పుస్తక భాషలోకి దిద్దకండి. అలా దిద్దితే పెద్దాయన పేజీలో కనబడరు, టైపు చేసినవాళ్లు కనబడతారు.

ఇల్లు అమ్మిన కథ నాన్న ఒకలా, బాబాయి ఒకలా చెబుతున్నారు. పైగా అందులో కొంత భాగం రాయొద్దని మేనత్త అంటోంది.

రెండు కథలూ వేయండి. పక్కపక్కన, ఎవరి పేరు మీద వారిది, సమానమైన చోటిచ్చి. తీర్పు చెప్పే పని మీది కాదు. కాగితం మీద తేలే సంగతి, అంటే దస్తావేజు తేదీ లాంటిది ఉంటే అది మాత్రం కింద విడిగా ఇవ్వండి.

మేనత్త మాట ఇంకోరకం. తన గురించిన సంగతైతే వద్దన్నదే ఆఖరు మాట, తీసేయండి. ఇతరుల గురించైతే వారిని అడగండి. అచ్చులో వద్దు, పోగొట్టుకోనూ వద్దు అనుకున్న వాటిని కవరులో పెట్టి, ఎవరు ఎప్పుడు తెరవాలో పైన రాసి మూసేయవచ్చు. ఏదేమైనా అచ్చుకు ముందు ఎవరి పేజీ వారికి చూపించే పద్ధతి పెట్టుకోండి. ముప్పై కాపీలు పంచాక గొడవపడితే పేజీ చింపడం తప్ప దారుండదు.

పోయిన అమ్మ, నాన్నల బట్టలతో అందరం కలిసి ఒక బొంత కుట్టాలనుకుంటున్నాం. ఇంటికొకరు గళ్లు కుట్టి పంపుతారు. కొలతలు, జాగ్రత్తలు చెప్పండి.

మంచానికి పరిచే సైజుకు 12 అంగుళాల గళ్లు ఐదు అడ్డం, ఆరు నిలువు, మొత్తం 30. కుట్టాక 60×72 అంగుళాలు. నాలుగువైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి ఒక్కో గడి 12½ అంగుళాలకు కత్తిరించాలి.

కలిసి చేసే బొంతలు పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. ఎవరి స్కేలుతో వారు, ఎవరి కత్తెరతో వారు కోస్తే గడికి పావు అంగుళం తేడా వస్తుంది. ఆరు గళ్ల వరసలో అది అంగుళంన్నర అవుతుంది. వరసలు కలవవు, లాగి కలిపితే బొంత మధ్యలో గుమ్మటంలా లేస్తుంది. అందుకని అందరినీ 14 అంగుళాల ముక్కలుగా పంపమనండి. కుట్టుపనీ బొమ్మా మధ్యలో 11 అంగుళాలలోపే ఉండాలని చెప్పండి. చివరి కోత మాత్రం ఒక్క చెయ్యే, ఒకే అట్ట కొలత పెట్టి కోయాలి.

కోయడానికి ముందు ప్రతి బట్టనూ నిండుగా పరిచి ఫోటో తీయండి. ఇది కోయొద్దు అనేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. కత్తెర పడ్డాక ఆ మాట విని లాభం లేదు. తర్వాత అన్నీ ఉతికి ఆరేయండి. ముదురు రంగు బట్టలకు రంగు పరీక్ష తప్పదు: ఒక మూల తడిపి, తెల్ల గుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ నొక్కండి. తెల్ల గుడ్డకు రంగంటితే ఆ బట్టను పక్కన పెట్టాల్సిందే.

నూలు చొక్కాలతో పేచీ లేదు. టీషర్టు గుడ్డ సాగుతుంది. టైలర్లు వాడే ఫ్యూజింగ్‌లో పలచటి రకం తెచ్చి వెనుక ఇస్త్రీతో అతికించాకే కోయాలి. పాత పట్టు మడతల దగ్గర చీలిపోతుంది, దాని వెనుక పలచటి నూలు గుడ్డ వేసి రెండూ ఒకటిగా కుట్టుకోండి. చొక్కా జేబు, గుండీల పట్టీ, కాలరు మీది టైలరు గుర్తు లాంటివే చూడగానే మనిషిని గుర్తుకు తెస్తాయి. వాటిని గడి మధ్యలోకి వచ్చేలా కోయండి. కుట్టుకు అంగుళం దూరంలోపు గుండీ ఉంటే మెషిను పాదం తగిలి సూది విరుగుతుంది.

గళ్లను వరసలుగా, ఆ తర్వాత వరసలను ఒకదానికొకటి కుట్టండి. వెనుక కుట్టు అంచుల్ని ఒక వరసలో ఎడమకు, తర్వాతి వరసలో కుడికి ఇస్త్రీ చేస్తే మూలలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, గుబ్బలు రావు. వెనుక గుడ్డ ప్రతివైపూ నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 68×80. నేల మీద వెనుక గుడ్డ, దాని మీద దూది పొర, పైన గళ్లు పరిచి, మధ్య నుంచి అంచులకు కచ్చా కుట్టు వేయండి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యకు చేరతాయి. చివరగా నాలుగేసి అంగుళాలకు ఒక చోట గట్టి దారంతో మూడు పొరలూ కలిపి ముడి వేయాలి. ముడులు వేయడానికి కుట్టు రానివారు కూడా కూర్చోవచ్చు. పదేళ్ల పిల్లలు చక్కగా వేస్తారు.

ఏ గడి ఎవరి బట్టో, ఎవరు కుట్టారో పటం గీసి, తెల్ల గుడ్డ మీద బట్టల పెన్నుతో రాసి, ఇస్త్రీ చేసి బొంత వెనుక మూలన కుట్టేయండి. కాగితం మీద రాసి బీరువాలో పెడితే బొంత ఒకచోట, కాగితం ఒకచోట చేరతాయి.

పుస్తకం పేజీలు ఇంట్లో కంప్యూటర్‌లో బాగానే ఉన్నాయి. ప్రెస్‌కు పంపితే ఒత్తులు విడిపోయి, తెలుగంతా ముక్కలైంది.

రెండు కారణాల్లో ఒకటయి ఉంటుంది. మీరు పాత డీటీపీ ఫాంటులో టైపు చేసి ఉంటే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అక్షరాలే మారిపోతాయి. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ గుణింతాలూ మళ్లీ చదివి దిద్దాలి. యూనికోడ్‌లోనే ఉండి విడిపోతే పేజీలు కట్టిన సాఫ్ట్‌వేర్ సెట్టింగు తప్పు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఫాంటును ఫైలులోనే కలిపిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ మాత్రమే ప్రెస్‌కు ఇవ్వండి, వర్డ్ ఫైలు వద్దు. 'స్త్రీ, రాష్ట్రం, జ్ఞాపకం, లక్ష్మి, వస్త్రం' అనే మాటలున్న ఒక్క పేజీ ముందుగా అచ్చు తీయించి చూస్తే మొత్తం సంగతి తెలిసిపోతుంది.

నోటో సెరిఫ్ తెలుగు, మండలి ఉచితంగా దొరికే మంచి ఫాంట్లు. పెద్దలు చదవాలంటే 14 పాయింట్లు. కింద ఒత్తులకూ పైన గుడులకూ చోటు కావాలి కాబట్టి ఒక వరస నుంచి తర్వాతి వరసకు దూరం (లీడింగ్) 20 పాయింట్లకు తగ్గొద్దు. మధ్యన పిన్నులు కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగుతో భాగించబడాలి. ఎక్కువ పేజీలైతే దారం కుట్టు బైండింగ్ చేయించండి. అప్పుడు లోపలి అంచున 20 మిల్లీమీటర్లు వదలాలి, లేదంటే గ్రూపు ఫోటోలో మధ్యలో ఉన్నవారి ముఖం మడతలోకి పోతుంది. ముందు ఒక్క కాపీ వేయించి, ఇంట్లో అందరికన్నా పెద్దవారి చేతికివ్వండి. పేర్ల తప్పులు వారికే కనబడతాయి.

స్కాన్లు, రికార్డింగులు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. సరిపోతుందా?

సరిపోదు. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఇంట్లో. మీ కంప్యూటర్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, ఒక క్లౌడ్ ఖాతా అనుకోండి. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే తప్ప దాచడానికి కాదు. క్లౌడ్‌కూ కాపలా కావాలి: గూగుల్ ఖాతాను రెండేళ్లు ఎవరూ తెరవకపోతే అందులోవి తొలగించే నిబంధన ఉంది. ఆ ఖాతా సెట్టింగుల్లో ఉండే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో మరొకరి పేరు చేర్చిపెట్టండి. ఏడాదికోసారి డిస్క్ పెట్టి, ఫైళ్లు ఉన్నాయో లేవో కాదు, తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

నాన్న రాసిన పాత ఉత్తరాలు పొడిపొడి అవుతున్నాయి. లామినేషన్ చేయించమంటారా?

వద్దు. ఆ వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు, లోపల కాగితం పాడవడమూ ఆగదు. సెలోటేపు, రబ్బరు బ్యాండు, పిన్నులు కూడా వద్దు. చేతులు కడిగి బాగా ఆరబెట్టుకుని, మడత విప్పి రెండువైపులా ఫోటో తీయండి. ఆ తర్వాత మడవకుండా, ఆమ్లం లేని కాగితాల మధ్య ఒక్కోదాన్ని విడిగా పెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి దాచండి. మడత దగ్గర తెగిపోతున్నవాటిని పాలిస్టర్ కవరులో పెట్టవచ్చు. పీవీసీ కవర్లు కొనకండి, వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి కాగితాన్ని తినేస్తుంది.